గచ్చిబౌలి నుంచి వెళ్లిపోయిన నా జట్టు

2023 చలికాలమంతా మా నలుగురి మధ్య ఒకటే వాదన. మ్యాచ్‌కు వెళ్లాలా, మానెయ్యాలా?

మేము నలుగురం చుట్టాలం కాదు, ఒకే ఆఫీసు వాళ్లమూ కాదు. కూకట్‌పల్లిలో మందుల దుకాణం నడిపే అన్న, ఒక బ్యాంకు ఉద్యోగి, ఇంజినీరింగ్ మూడో సంవత్సరం చదివే కుర్రాడు, నేను. గచ్చిబౌలి స్టేడియంలో పక్కపక్క కుర్చీల్లో కూర్చుని, ఒకే గోల్‌కు ఒకేసారి లేచి అరిచి స్నేహితులమయ్యాం. మమ్మల్ని కలిపింది హైదరాబాద్ ఎఫ్‌సీ అనే ఫుట్‌బాల్ క్లబ్. ఆ క్లబ్ మా కళ్లముందే కుప్పకూలుతుంటే ఏం చేయాలన్న విషయం మీదే మేము దాదాపు విడిపోయినంత పని జరిగింది.

అక్కడిదాకా ఎలా వచ్చామో మొదటి నుంచి చెబుతాను.

ఇండియన్ సూపర్ లీగ్‌లో హైదరాబాద్‌కు జట్టు వస్తోందని 2019 ఆగస్టులో తెలిసింది. ఆర్థిక ఇబ్బందులతో పూణె సిటీ క్లబ్ మూతపడితే, ఖాళీ అయిన ఆ చోటు మనకు దక్కింది. ఆటగాళ్లలో చాలామంది, కోచ్ ఫిల్ బ్రౌన్‌తో సహా, అక్కడి నుంచే వచ్చారు. అప్పట్లో మా ఆఫీసులో పూణె నుంచి బదిలీ మీద వచ్చిన సహోద్యోగి ఒకాయన ఉండేవారు. నేను ఉత్సాహంగా కబురు చెబితే ఆయన నా ముఖంలోకి ఒక క్షణం చూసి, "మీ ఇంట్లో పెళ్లి, సామానంతా మా ఇంటిది" అన్నారు. నేను నవ్వేసి, మొదటి మ్యాచ్‌కు రమ్మన్నాను. ఆయన రాలేదు.

సొంతగడ్డ మీద మొదటి మ్యాచ్ నవంబరు 2న, కేరళ బ్లాస్టర్స్‌తో. అంతకు ముందే బయట ఆడిన రెండు మ్యాచ్‌ల్లోనూ చిత్తుగా ఓడి వచ్చాం. కోల్‌కతాలో అయితే ఏకంగా 5 గోల్స్ ఇచ్చాం. అయినా ఆ రాత్రి 2-1తో గెలిచాం. ఆట చివరి 10 నిమిషాల్లో మార్సెలీనో కొట్టిన ఫ్రీకిక్ గోడలా నిలబడ్డవాళ్లను దాటి వల తాకేసరికి, ఎవరో తెలియని పెద్దమనిషి నన్ను గట్టిగా పట్టుకుని ఊపేశారు. ఆయనే మందుల దుకాణం అన్న.

ఆ సీజన్‌లో 18 మ్యాచ్‌లు ఆడి రెండే గెలిచాం. 10 పాయింట్లు, అట్టడుగు స్థానం. బాధపడ్డాం, కానీ ఒక్కరోజు కూడా కోపం రాలేదు. ఓటమి ఆటలో భాగం. పైగా కొత్త జట్టు, పిల్ల మొక్క. నీళ్లు పోస్తే పెరుగుతుందని నమ్మాం.

నిజంగానే పెరిగింది. కానీ మా కళ్లముందు కాదు. కరోనా వల్ల రెండు సీజన్లు పూర్తిగా గోవాలోనే జరిగాయి. మానోలో మార్కెజ్ అనే స్పెయిన్ కోచ్ వచ్చి, ఆకాశ్ మిశ్రా, ఆశిష్ రాయ్, మొహమ్మద్ యాసిర్ లాంటి భారతీయ కుర్రాళ్ల మీద నమ్మకం పెట్టి జట్టును తీర్చిదిద్దాడు. గోల్స్ కొట్టే ముందు వరుసలో ఒగ్బెచె ఉండేవాడు. 2021-22లో ఒక్కడే 18 గోల్స్ కొట్టాడు. మేము మాత్రం ఇళ్లల్లో టీవీల ముందు కూర్చుని, ఫోన్లలో ఒకరికొకరు సందేశాలు పంపుకుంటూ ఆ జట్టును ప్రేమించాం.

2022 మార్చి 20న గోవాలోని ఫటోర్డాలో ఫైనల్. ప్రేక్షకులను రానిస్తారని తెలియగానే అన్నా నేనూ రాత్రి బస్సు ఎక్కాం. స్టేడియంలో అడుగుపెట్టేసరికి నలువైపులా పసుపు సముద్రం. మన రంగే, కానీ ఆ జనం మనవాళ్లు కాదు. కేరళ అభిమానులది కూడా పసుపే. ఆ రోజు పసుపు జెర్సీ వేసుకునే అవకాశం మన జట్టుకు వచ్చింది, కేరళ ఆటగాళ్లు నలుపులో ఆడారు. స్టాండ్లన్నీ పసుపు వేసుకుని నల్లజట్టు కోసం అరుస్తుంటే, మధ్యలో మేము కొద్దిమందిమి గొంతు చించుకున్నాం. 68వ నిమిషంలో వాళ్లు గోల్ కొట్టారు. ఇక అయిపోయిందనుకుంటున్న సమయంలో, 88వ నిమిషంలో సాహిల్ తవోరా దూరం నుంచి కొట్టిన బంతి గోల్‌లోకి దూసుకెళ్లింది. స్టేడియం మొత్తం ఒక్కసారిగా మూగబోయింది. ఆ నిశ్శబ్దంలో నా అరుపు నాకే వినిపించింది. పెనాల్టీల్లో మన గోల్‌కీపర్ లక్ష్మీకాంత్ కట్టిమని మూడు ఆపాడు. హాలీచరణ్ నర్జారీ చివరిది కొట్టగానే అన్న కుర్చీలో కూలబడి, రెండు చేతుల్లో ముఖం దాచుకుని ఏడ్చాడు. యాభై ఏళ్ల మనిషి అలా ఏడవడం చూసి నాకూ ఆగలేదు.

రెండున్నరేళ్ల తర్వాత, ఛాంపియన్లుగా గచ్చిబౌలికి తిరిగొచ్చిన ఆ 2022-23 సీజన్ మా జీవితంలో వెలుగు. పట్టికలో రెండో స్థానం. సెమీఫైనల్లో పెనాల్టీల మీద ఓడాం. అప్పుడూ బాధే తప్ప కోపం లేదు.

కోపం ఆ తర్వాతి ఏడాది వచ్చింది. ముందుగా మార్కెజ్ గోవాకు వెళ్లిపోయాడు. కోచ్‌లు మారడం మామూలే అనుకున్నాం. తర్వాత జీతాల బకాయిల వార్తలు మొదలయ్యాయి. ఆ తర్వాత ప్రపంచ ఫుట్‌బాల్ సంస్థ ఫిఫా నిషేధం. అంతవరకు ఆట తప్ప ఆఫీసు వ్యవహారాలు ఎరగని నేను, రాత్రుళ్లు కూర్చుని ఆ నిబంధనలు చదవడం మొదలుపెట్టాను. తనకు రావలసిన డబ్బు అందకపోతే ఆటగాడు ఫిఫా ముందు ఫిర్యాదు చేయవచ్చు. ఇవ్వాల్సిందేనని తీర్పు వస్తే క్లబ్‌కు 45 రోజుల గడువు ఉంటుంది. అప్పటికీ చెల్లించకపోతే కొత్త ఆటగాళ్లను నమోదు చేసుకునే హక్కు పోతుంది. కొత్త ఆటగాళ్లను తీసుకునే విడతలు (ట్రాన్స్‌ఫర్ విండోలు) వరుసగా మూడు ముగిసేవరకు ఆ నిషేధం కొనసాగవచ్చు. అంటే ఉన్నవాళ్లు వెళ్లిపోవచ్చు, కొత్తవాళ్లు రాలేరు. చిల్లుపడిన కుండలో నీళ్లు పోసే దారి కూడా మూసేసినట్టు.

సరిగ్గా అదే జరిగింది. విదేశీ ఆటగాళ్లు ఒక్కొక్కరే సర్దుకున్నారు. చివరికి బ్రెజిల్‌కు చెందిన జొవావ్ విక్టర్ ఒక్కడే మిగిలాడు. 2024 జనవరిలో చింగ్లెన్‌సానా, నిఖిల్ పూజారి బెంగళూరుకు వెళ్లారు. వాళ్లను తప్పు పట్టే ధైర్యం మాలో ఎవరికీ లేదు. నెల నెలా ఇంటికి పంపాల్సిన డబ్బు ఉంటుంది, కట్టాల్సిన అప్పు ఉంటుంది. మిగిలిన కుర్రాళ్లతో, యువజట్టు నుంచి తెచ్చిన పిల్లలతో, కోచ్ తంగ్‌బోయ్ సింగ్టో ఆ సీజన్ లాక్కొచ్చాడు. 22 మ్యాచ్‌ల్లో ఒకే ఒక్క గెలుపు, అదీ మార్చిలో చెన్నైయిన్ మీద. మొత్తం 8 పాయింట్లు. రెండేళ్ల కిందటి ఛాంపియన్లు.

వాదన మొదలైంది అప్పుడే. అన్న మాట సూటిగా ఉండేది. "మనం కొనే ప్రతి టికెట్టూ, జీతాలు ఎగ్గొట్టినవాళ్ల జేబులోకే పోతుంది. నేను రాను." కుర్రాడు ఒప్పుకునేవాడు కాదు. "మనం కూడా రాకపోతే ఆ పిల్లలు ఎవరిని చూసి ఆడతారు అన్నా?" బ్యాంకు ఆయన ఇద్దరి మధ్యా నలిగిపోయేవారు. నేను ఒక వారం ఇటు, ఒక వారం అటు.

మోహన్ బగాన్ అభిమానుల సంగతి మా మాటల్లో తరచు వచ్చేది. వందేళ్లు దాటిన తమ క్లబ్ పేరు ముందు ఏటీకే అనే మూడు అక్షరాలు తగిలించినందుకు వాళ్లు మూడేళ్లు పోరాడారు. చివరికి 2023లో ఆ అక్షరాలు తొలగిపోయాయి. "చూశావా, కోపానికి ఫలితం ఉంటుంది" అనేవాడు అన్న. ఉంటుంది, నిజమే. కానీ అక్కడ వాళ్లు వేలాది మంది. వాళ్లు స్టేడియానికి రాకపోతే కోల్‌కతా అంతా మాట్లాడుకుంటుంది. మేము కొన్ని వందల మందిమి. క్రికెట్ తప్ప మరో ఊసు లేని ఊళ్లో మేము రావడం మానేస్తే దాన్ని నిరసన అని ఎవరూ అనరు. "హైదరాబాద్‌లో ఫుట్‌బాల్ ఎవరు చూస్తారండీ" అంటారు. మా కోపమే మా మీద సాక్ష్యంగా మారుతుంది. చాలా రోజులు ఆలోచించాక నాకు తట్టింది ఇది. అందుకే నేను వెళ్లాలనే నిర్ణయానికి వచ్చాను. ఇప్పటికీ ఆ నిర్ణయం సరైనదనే నమ్ముతాను.

ఒక సాయంత్రం మాత్రం నలుగురమూ కలిసే వెళ్లాం. అన్న వస్తానని ఒప్పుకోవడానికి ఒక షరతు పెట్టాడు. పిల్లల చార్టు కాగితం మీద పెద్ద అక్షరాలతో "జీతాలు ఇవ్వండి" అని తెలుగులో రాసుకుని చుట్టచుట్టి తెచ్చాడు. స్టాండులో ఎంత పలచగా ఉన్నామంటే, మైదానంలో గోల్‌కీపర్ తన డిఫెండర్లను కేకేయడం, బూటు బంతికి తగిలిన చప్పుడు, కోచ్ ఈల, అన్నీ స్పష్టంగా వినిపించాయి. నిండిన స్టేడియంలో ఆ శబ్దాలు ఎప్పుడూ వినలేదు. ఫుట్‌బాల్ అంత నిశ్శబ్దంగా ఉంటుందని నాకు అంతవరకు తెలియదు.

అన్న కాగితం విప్పి, మైదానం వైపు కాకుండా, యాజమాన్యం కూర్చునే స్టాండు వైపు తిప్పి పట్టుకున్నాడు. చేతులు నొప్పి పుడితే బ్యాంకు ఆయన అందుకున్నారు, తర్వాత నేను.

రెండో అర్ధభాగంలో కుడివైపు ఆడుతున్న కుర్రాడు, పట్టుమని ఇరవై ఏళ్లు ఉంటాయో లేదో, కాళ్ల దగ్గరి బంతిని పోగొట్టుకున్నాడు. అటునుంచి గోల్ పడింది. వెనక వరుసలో ఒకతను వాడిని బూతులు తిట్టాడు. అన్న చేతిలోని కాగితం నాకిచ్చి వెనక్కి తిరిగాడు.

"ఎవర్ని తిడుతున్నావు బాబూ? జీతం ఎప్పుడొస్తుందో తెలియకుండా ఆడుతున్న పిల్లాడు వాడు. తిట్టాలనుంటే అటు చూసి తిట్టు." చేయి పైన స్టాండు వైపు చాపాడు.

అతను మాట్లాడలేదు. కాసేపటికి మా వరుసలోకి వచ్చి కాగితం ఒక చివర పట్టుకున్నాడు.

ఆట అయ్యాక ఆ కుడివైపు కుర్రాడు మా స్టాండు దగ్గరికి వచ్చాడు. మోకాలి దాకా మట్టి, ఒక మేజోడు జారిపోయి ఉంది. క్షమించమన్నట్టు రెండు చేతులూ జోడించాడు. నాకు మాట పెగల్లేదు. మా ఇంజినీరింగ్ కుర్రాడు తన మెడలోని స్కార్ఫు తీసి, కంచె మీదుగా వాడి చేతికి అందించాడు. వాడు దాన్ని మెడలో వేసుకుని లోపలికి నడిచాడు.

మా ఎదుటి వరుసలో తరచు కనిపించే పెద్దాయన ఒకరు ఉండేవారు. సికింద్రాబాద్ నుంచి ఎంతో దూరం ప్రయాణం చేసి వచ్చేవారు. మఫ్లరు, ఫ్లాస్కులో టీ. ఎనభై దాటిన మనిషి. చిన్నప్పుడు ఫతే మైదాన్‌లో హైదరాబాద్ సిటీ పోలీసు జట్టు ఆట చూశానని చెప్పేవారు. 1950 నుంచి 54 వరకు వరుసగా 5 సార్లు రోవర్స్ కప్ గెలిచిన జట్టది. దాన్ని నడిపించిన కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం. ఆయన శిక్షణలోనే భారత జట్టు 1956 మెల్బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది, 1962 జకార్తా ఆసియా క్రీడల్లో దక్షిణ కొరియాను ఓడించి స్వర్ణం తెచ్చింది. ఆ రెండు జట్లలోనూ ఆడిన, సికింద్రాబాద్ అమ్ముగూడలో పుట్టిన తులసీదాస్ బలరాం 2023 ఫిబ్రవరిలో కోల్‌కతాలో కన్నుమూశారన్న వార్త ఆ పెద్దాయన నోటే మొదట విన్నాను.

"ఇంత చరిత్ర ఉన్న ఊరు మళ్లీ ఎందుకు లేవలేదు పెద్దాయనా?" అని అడిగాను.

"జట్టును ఎవరో వచ్చి మూసెయ్యలేదు బాబూ. ముందు చూసేవాళ్లం తగ్గాం. తర్వాత ఆడేవాళ్లు తగ్గారు. నేనూ ముప్పై ఏళ్లు మైదానం ముఖం చూడలేదు. ఉద్యోగం, పిల్లలు. ఆ తప్పులో నా వాటా ఉంది, అందుకే ఇప్పుడు వస్తున్నాను" అన్నారు.

తర్వాత మేము ఒక ఒప్పందానికి వచ్చాం. టికెట్టు కొంటాం, ఇంకే వస్తువూ కొనం. మొదటి 10 నిమిషాలు నోరు విప్పం. పదకొండో నిమిషం నుంచి ఆట ముగిసేదాకా కుర్రాళ్ల కోసం అరుస్తాం. బ్యాంకు ఆయన ఫుట్‌బాల్‌ను నడిపే సంస్థలకు ఉత్తరాలు రాశారు. అన్నీ లెక్కలతో, తేదీలతో, ఆయన ఉద్యోగంలో రాసే నివేదికల్లా ఉండేవి. ఆయన కోపం అలాగే బయటికొచ్చేది. జవాబులు రాలేదు. ఆయన రాయడం మానలేదు.

2024లో కొత్త యజమానులు వచ్చారు. ఆశపడ్డాం. ఆ ఏడాది సెప్టెంబరులో గచ్చిబౌలిలో దేశాల జట్లు ఆడే ఇంటర్‌కాంటినెంటల్ కప్ జరిగింది. భారత జట్టు కోచ్‌గా మైదానంలోకి నడిచొచ్చింది ఎవరో కాదు, మన మార్కెజే. మారిషస్‌తో గోల్ లేకుండా డ్రా చేసుకుని, సిరియా చేతిలో 3-0తో ఓడినా, మేము లేచి నిలబడి ఆయనకు చప్పట్లు కొట్టాం. ఆయన ఇక్కడ కట్టిన ఇల్లు కూలిపోయిన తర్వాత, ఆ స్థలానికే అతిథిగా వచ్చినట్టు అనిపించింది. ఆ సీజన్‌లో మన జట్టు 13 క్లబ్బుల్లో 12వ స్థానంలో నిలిచింది. ఆటలో పసలేకపోయినా ఆడటానికి జట్టంటూ ఉంది కదా అని సరిపెట్టుకున్నాం.

2025 వేసవిలో లీగ్ మీదే నీలినీడలు కమ్ముకున్నాయి. ఫుట్‌బాల్ సమాఖ్యకు, లీగ్ నడిపే సంస్థకు మధ్య ఉన్న హక్కుల ఒప్పందం ముగింపుకొచ్చి, కొత్త సీజన్ ఎప్పుడు మొదలవుతుందో ఎవరూ చెప్పలేని పరిస్థితి. అక్టోబరులో ఒకరోజు అమీర్‌పేట మెట్రో స్టేషన్‌లో రైలు మారుతుండగా కుర్రాడి సందేశం వచ్చింది. ఒక్క మాటే: "ఢిల్లీ." కింద వార్త జతచేశాడు. క్లబ్ ఢిల్లీకి తరలిపోతోంది, పేరు స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ. నేను ఎక్కాల్సిన రైలు వచ్చింది, వెళ్లిపోయింది. దాని తర్వాతదీ వెళ్లిపోయింది.

ఇల్లు అమ్మితే రిజిస్ట్రారు ఆఫీసులో సంతకాలు ఉంటాయి. పొలం అమ్మితే పక్క పొలం వాళ్లకైనా కబురు తెలుస్తుంది. ఆరేళ్లు గొంతు అరిగేలా అరిచిన మాకు ఎక్కడా సంతకం లేదు, మా మాట అడిగే గుమ్మమే లేదు. కాగితాల ప్రకారం ఆ క్లబ్ మాది ఎప్పుడూ కాదు. అది లీగ్‌లో ఒక చోటు, ఎవరు కొనుక్కుంటే వాళ్లది, ఎటు తీసుకెళ్తే అటు. ఈ నిజం మొదటి నుంచీ అక్కడే ఉంది. మేము గోల్స్ చూస్తూ దాని వైపు చూడలేదు.

"ఇంకో జట్టు చూసుకో" అని ఇంట్లో అన్నారు, మంచి మనసుతోనే. ఊళ్లో శ్రీనిధి డెక్కన్ క్లబ్ ఉంది, మంచి జట్టే. మా కుర్రాడు ఇప్పుడు దాని మ్యాచ్‌లకు వెళుతున్నాడు. నేనూ రెండుసార్లు వెళ్లాను. బాగా ఆడారు, చప్పట్లు కొట్టాను. గొంతు మాత్రం ఇంకా లేవలేదు. అన్న మ్యాచ్‌లు చూడటం పూర్తిగా మానేశాడు. ఆదివారం పొద్దున కాలనీ పిల్లలకు బంతి కొనిచ్చి, తన దుకాణం వెనక ఖాళీ స్థలంలో ఆడిస్తున్నాడు. బ్యాంకు ఆయన దగ్గర ఉత్తరాల నకళ్ల ఫైలు అలాగే ఉంది.

ఆ వారమే నేను పూణె సహోద్యోగికి ఫోన్ చేశాను. ఆయన కంపెనీ మారి వెళ్లిపోయి చాలా కాలమైంది. ఎందుకు చేశానో ఆయనకు వెంటనే అర్థమైంది. వార్త చూశారట. 2019లో ఆయన మాటకు నవ్వినందుకు క్షమించమన్నాను. ఒక నగరం నుంచి జట్టు పోవడమంటే ఏమిటో ఆ రోజు నాకు తెలియదని చెప్పాను.

ఆయన కాసేపు ఊరుకున్నారు. "మీ దగ్గర జెర్సీ ఉందా?" అని అడిగారు.

"ఉంది. ఫటోర్డాలో వేసుకున్నదే."

"పారేయకండి. కోపంలో నేను నాది పారేశాను. మా అబ్బాయికి ఇప్పుడు ఎనిమిదేళ్లు. మన ఊరికి జట్టుండేదా నాన్నా అని అడుగుతున్నాడు. చూపించడానికి నా దగ్గర ఏమీ లేదు."

జెర్సీ బీరువాలో పై అరలో ఉంది. భుజం దగ్గర ఆ రోజు అన్న కన్నీళ్లతో పాటు అంటిన కుంకుమ మరక అలాగే ఉంది. ఉతికినా పోలేదు.